కారే పడవ



ఈ కార్యక్రమంలో పడవకి చిల్లు ఎలా పూడ్చుకోవాలో చెబుతానంటే మా అత్తగారు నవ్వారు. "చక్కగా ఊరగాయ గురించి చెప్పకూడదుటే?" అన్నారు. ఊరగాయ గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారండీ. గోదావరి కాలవ గట్టున కాపురం చేస్తూ, గుమ్మం ముందే పడవ కట్టేసుకునే మాలాంటివాళ్ళకి ఈ సంగతి చెప్పేవాళ్ళే తక్కువ. పడవ మగవాళ్ళు కొన్నా, అందులో ఎక్కేది మన పిల్లలే గదా!

మూడేళ్ళ కిందట మావారూ, మా మరిదీ కలిసి పాత ఫైబరు పడవ ఒకటి కొన్నారు. పద్నాలుగడుగుల పొడవు, ఐదుగురు కూర్చోవచ్చు. చేపల వేటకో, సరుకుల మోతకో కాదు. సెలవుల్లో పిల్లలొస్తే సాయంత్రంపూట సరదాగా అలా తిరిగి రావడానికి. మొదటి వారం నుంచే తెల్లారేసరికి అడుగున రెండంగుళాల నీళ్ళు చేరేవి. బక్కెట్టుతో తోడిపోసేవాళ్ళం. "ఏ పడవైనా కాస్త కారకుండా ఉంటుందా?" అన్నారు అత్తగారు. నిజమే కాబోలనుకున్నాం. వాకిట్లో కళ్ళాపి చల్లినట్టే, పడవలో నీళ్ళు తోడడం కూడా రోజూ చేసే పనైపోయింది.

సంక్రాంతి సెలవుల్లో ఒకరోజు తోడకుండానే ఎక్కేశారు. మా అమ్మాయి, మా చెల్లెలి పిల్లలిద్దరు, మా మరిది. నేను రేవు మెట్ల మీద నుంచి చూస్తున్నాను. నడి కాలవలో చిన్నది గుర్రపుడెక్క పువ్వు కోస్తానని పక్కకి వంగింది. అంతే! అడుగునున్న నీళ్ళన్నీ గభాలున అటే చేరాయి. పడవ అంచు నీటికి బెత్తెడు దూరంలోకి వెళ్ళింది. మరిది పిల్లని వెనక్కి లాగి కూర్చోబెట్టాడు గనక సరిపోయింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

పళ్ళెం నిండా నీళ్ళు పోసి నాలుగడుగులు నడిచి చూడండి. కొంచెం వంగితే చాలు, నీళ్ళన్నీ ఆ పక్కకే పరుగెడతాయి. పడవలోనూ అంతే. లీటరు నీళ్ళంటే కిలో బరువు. మా పడవ అడుగున రెండంగుళాలంటే వంద లీటర్ల పైమాటే. వంద కిలోల బియ్యం బస్తాలు వేస్తే వేసినచోట ఉంటాయి. నీళ్ళు అలా ఉండవు, పడవ ఎటు వంగితే అటే తోస్తాయి. పడవ మునగడానికి నీళ్ళు నిండనక్కర్లేదు, ఒరిగిపోతే చాలు.

మర్నాడు మావారిని నిలదీశాను. "మూడుసార్లు లోపల మందు పూశానే!" అన్నారు. అసలు తప్పు అక్కడే ఉంది. నీళ్ళు నిలిచినచోట పూశారు గాని, వచ్చేచోటు వెతకలేదు. డాబా కారినప్పుడు చూడండి, చుక్క పడేది ఒకచోట, పగులు ఉండేది మరోచోట. పైగా లోపల పూత పూస్తే, బయటి నీరు వెనక నుంచి తోసి దాన్ని ఊడబెరుకుతుంది. బయట వేసిన మందునైతే అదే నీరు లోపలికి అదిమి పట్టుకుంటుంది.

ధవళేశ్వరం దగ్గర కాలవలు కట్టేసిన వేసవి రోజుల్లో పడవని గట్టుమీదికి లాగి, ఇసుక బస్తాల మీద సమంగా కూర్చోబెట్టాం. అంతకుముందే రెండు రాత్రులు పైన టార్పాలిన్ కప్పి చూశాను. వానా మంచూ పడకుండానే నీళ్ళొచ్చాయి గనక అది అడుగునుంచే వస్తోందని తేలింది. మీరూ ముందు ఆ పరీక్ష చేయండి.

తరవాత అడుగు బల్లలు తీసి, లోపలంతా గుడ్డతో తుడిచి ఆరబెట్టాం. రెండంగుళాల మేర నీళ్ళు పోసి నీలిమందు కలిపాను. అంతకన్నా ఎక్కువ పోయకండి. నీటిలో తేలవలసిన పడవ గట్టుమీద అంత బరువు మోయలేదు, అడుగు పగలవచ్చు. పడవ బయటివైపు పొడిగా తుడిచి కూర్చున్నాం. పావుగంటలో వెనక కొసన నీలి చుక్కలు రెండుచోట్ల కనిపించాయి. ఒకటి, నీళ్ళు వదిలే కన్నానికి పెట్టిన బిరడా దగ్గర. దాని రబ్బరు వాషరు ఎండి చిట్లిపోయింది. రెండోది, ఎప్పుడో మోటారు బిగించి తీసేసిన బోల్టు కన్నాలు. ఎవరో లప్పం పెట్టి పైన రంగేశారు. అక్కడ దూరిన నీరు బల్లల కిందనుంచి వచ్చి నడుమ నిలిచేది. మేం మూడేళ్ళూ నడుమనే అనుమానించాం!

ఇంకా పైన, పక్క అంచుల్లో ఉన్న లీకులు ఇలా బయటపడవు. మనుషులెక్కి పడవ దిగబడినప్పుడే అవి కారతాయి. దానికి లోపల ముగ్గుపిండి పలచగా చల్లి, ఒకరు టార్చిలైటుతో కూర్చోవాలి. మరొకరు బయటనుంచి గొట్టంతో కిందినుంచి పైకి మెల్లగా నీళ్ళు కొట్టాలి. పిండి తడిసిన గీత వెంబడి పోతే చోటు దొరుకుతుంది. పైనుంచి మొదలుపెడితే నీరు కిందికి కారి అన్నిటినీ తడిపేస్తుంది, ఏది ఎక్కడిదో తెలియదు.

ఇక మరమ్మతు. తడిమీద ఏ మందూ పట్టదు. నాలుగు రోజులు ఎండనిచ్చాం. పాత లప్పం పూర్తిగా తీసి, కన్నం చుట్టూ ఉప్పు కాగితంతో రుద్ది, బయటివైపున ఫైబరు గుడ్డ, ఎపాక్సీ పొరలు పొరలుగా వేయించాం. ఆ దుమ్ము ఊపిరితిత్తులకీ చర్మానికీ మంచిది కాదు. ముక్కుకి మాస్కు, చేతికి తొడుగు ఉండాలి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. ఇంకా వాడే బోల్టులైతే విప్పి, పడవలకని అమ్మే పాలీయురెథేన్ సీలెంటు పెట్టి మళ్ళీ బిగించాలి. స్నానాల గదికి వాడే సిలికాను మాత్రం వద్దు. అది ఊడిపోయాక కూడా జిడ్డు మిగిలి, తరవాత వేసే మందుని పట్టనివ్వదు. వాషరుకైతే చిల్లర డబ్బులే అయ్యాయి. కాని ఆ బిరడా ఊడి, అంగుళం కన్నం అర అడుగు లోతులో తెరుచుకుందంటే, నిమిషానికి దాదాపు 30 లీటర్లు, అంటే రెండు బిందెల నీళ్ళు లోపలికొస్తాయి!

మరి అత్తగారి మాట అబద్ధమా? కాదండీ. ఆవిడ చిన్నతనంలో చూసినవి కర్ర పడవలు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ కాలవల్లో చాలాకాలం మనుషుల్నీ ధాన్యాన్నీ మోసినవి అవే. కాలవలు కట్టేసినప్పుడు గట్టున ఎండి, కర్ర కుంచించుకుపోయి, పలకల మధ్య సందులు పడేవి. సందుల్లో పీచు దట్టించి, గుగ్గిలం పూసి, మళ్ళీ నీళ్ళొచ్చాక ఒకటి రెండు రోజులు నాననిస్తే కర్ర ఉబ్బి సందులు మూసుకునేవి. కర్ర పడవ మీకుంటే ఇప్పటికీ అదే పద్ధతి. ఎండిన సందులో గట్టి ఎపాక్సీ కూరకండి. ఉబ్బే కర్రకి చోటు లేక పలకలే చీలతాయి. కర్ర పడవ కాస్త కారి, తనే మానుకుంటుంది. ఫైబరు నానదు, ఉబ్బదు. దాని చిల్లు ఎన్నాళ్ళున్నా తనంత తాను మూసుకోదు, పెరగడమే గాని. కర్ర పడవకి పుట్టిన మాటని ఫైబరు పడవకి అన్వయించుకుని మేం మూడేళ్ళు గడిపాం. ఇదంతా విని అత్తగారు, "అయితే నా మాట పాతబడిందన్నమాట" అన్నారు. "మాట కాదు, పడవ మారిందండీ" అన్నాను.

ఇప్పుడు మా పడవలో నీళ్ళు రావడం లేదు. అయినా పిల్లలెక్కేముందు నేనే వెళ్ళి అడుగున చెయ్యి పెట్టి చూస్తాను. తడి తగిలితే ఆ రోజు షికారు లేదు. తోడే చెంబు తాడుతో పడవకే కట్టి ఉంటుంది. ఈతొచ్చినా రాకపోయినా అందరూ లైఫ్ జాకెట్టు తొడుక్కోవలసిందే.

మీ ఇంట్లోనూ ఇలా రోజూ తోడిపోస్తున్న నీళ్ళుంటే, రేపు ఒక్కరోజు తోడకముందు ఆగి, అవి ఎక్కడినుంచి వస్తున్నాయో చూడండి. ఇక సెలవు.