అణువును తయారుచేయడం – పిల్లలకు చెప్పవలసిన పాఠం

(తిరుచానూరులో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ముప్పై ఏళ్ళు రసాయనశాస్త్రం బోధించాను. సమీకరణాలు తప్పులేకుండా అప్పజెప్పినవారికి మార్కులు వేశాను. మందుల ఫ్యాక్టరీలో చేరిన నా శిష్యుడొకడు అమ్మవారి దర్శనానికి వచ్చి, మా ఇంటికీ వచ్చాడు. మోచేతి దాకా కాలిన మచ్చ. “ఏందిరా ఇది?” అన్నాను. “మీరు చెప్పిన చర్యే సార్. మీరు బీకరులో చూపించారు. అక్కడ వెయ్యి లీటర్ల రియాక్టరు” అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటినుండి పాఠాన్ని మూడు ప్రశ్నలతో మొదలుపెట్టాను. ఈ అణువు ఎందుకు కావాలి? ఎక్కడ మార్చాలి? ఎక్కువ మొత్తంలో ఎలా చేయాలి?

మొదటి రెండింటికీ భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే ఉదాహరణ. ఆయన నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల వారు 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. కణాలు పెరగడానికి ఆ విటమిన్ కావాలి. అందులో ఒక హైడ్రాక్సీ సమూహం తీసి అమైనో సమూహం పెడితే అమైనోప్టెరిన్. దానికి ఒక మిథైల్ సమూహం చేరిస్తే మెథోట్రెక్సేట్. తాళంలో దూరుతుంది గానీ తిరగని తాళంచెవి లాంటివివి. కాన్సరు కణం పెరుగుదల ఆగుతుంది. అమైనోప్టెరిన్‌తో రక్త కాన్సరు పిల్లలకు తాత్కాలికంగా గుణం కనిపించిందని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. కీళ్ళవాతానికి వారానికొకసారి మెథోట్రెక్సేట్ మింగేవారు నేటికీ ఎందరో.

ఇక మూడవ ప్రశ్న. ఒక్కొక్క దశలో 100కి 80 పాళ్ళు దక్కినా, అయిదు దశలు దాటేసరికి మిగిలేది 33 పాళ్ళే. వేడి సంగతి ఇంకా ముఖ్యం. గ్లాసులో కాఫీ ఇట్టే చల్లారుతుంది. పెళ్ళి గుండిగలో సాంబారు చల్లారదు. పాత్ర కొలతలన్నీ పదింతలు చేస్తే లోపలి సరుకు వెయ్యింతలవుతుంది, వేడి బయటకు పోయే పైతలం మాత్రం వందింతలే. అందుకే రియాక్టరు చుట్టూ చల్లని నీరు తిప్పుతారు, ముడిపదార్థం కొద్దికొద్దిగా వదులుతారు. ఈ నాలుగు మాటలు నేను ముందే చెప్పి ఉంటే ఆ చెయ్యి కాలేది కాదేమో!

మిత్రులారా, మనకు పింఛను వస్తున్నది, తీరిక ఉన్నది. మనలో ఫ్యాక్టరీలు చూసినవారు, మందులు పంచినవారు, లెక్కలు చెప్పినవారు ఉన్నారు. నెలకొక పూట దగ్గరి ఉన్నత పాఠశాలకు వెళదాం. నేను గుండిగ లెక్కతో మొదలుపెడతాను. నాతో వచ్చేవారు ఈ సభ ముగిశాక పేరు చెప్పండి.

సెలవు.