బురద కాళ్ళు – వేళ్ళ సందుల్లో బూజు తెగులు



వరికి తెగులు వస్తే ఆకు తెంపి పట్టుకుని వ్యవసాయాధికారి దగ్గరికి పరుగెత్తుతాం. ఆ వరిని నాటే కాళ్ళకు తెగులు వస్తే మాత్రం "బురదలో తిరిగితే పాయకుండా ఉంటాయా" అని ఊరుకుంటాం. ఈ పూట ఆ కాళ్ళ సంగతి మాట్లాడుకుందాం.

జనగామ ప్రాంతం వెనుక మెట్ట పంటలది. దేవాదుల నీళ్ళు చెరువులకు చేరిన తర్వాత అక్కడ కూడా వానకాలం, యాసంగి రెండు పంటలూ వరి వేసేవారు పెరిగారు. మహబూబాబాద్ వైపు బయ్యారం చెరువు కింద సరేసరి. ఏడాదికి రెండు తడవలు, వారాల తరబడి కాళ్ళు నీళ్ళలోనే.

నానిన చర్మం తెల్లబడి మెత్తబడుతుంది. అక్కడ బూజు జాతి సూక్ష్మజీవి పాతుకుంటుంది. ఒంటి మీద తామర పుట్టించేదీ ఈ జాతే. ముందుగా చిటికెన వేలి పక్క సందును పట్టుకుంటుంది. ఆ సందు ఇరుకు, గాలి ఆడదు. దురద, తెల్లని పొర, పగులు, వాసన, మంట – ఇదీ వరుస. కొందరికి అరికాలంతా పొట్టు రాలుతుంది, దానిని మామూలు పగుళ్ళని పొరబడతారు.

ఇంత చిన్న పగులుతో ఏమవుతుందంటారా? గట్టుకు పడిన గండి వంటిదది. దానిలోంచి చీము పుట్టించే క్రిములు దూరి కాలు వాచి, ఎర్రబడి, చలిజ్వరం వస్తుంది. బోదకాలు ఉన్నవారికి ఈ జ్వరం వచ్చిన ప్రతిసారీ వాపు మరింత పెరుగుతుంది. చక్కెర వ్యాధి ఉన్నవారికి స్పర్శ తగ్గి, పుండు ముదిరేదాకా తెలియదు. వేలు తీయవలసి రావచ్చును. వీరు ఇంటి వైద్యం చేసుకోక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

పొలం నుంచి రాగానే సబ్బుతో కడిగి, ఒక్కొక్క సందునూ పొడి నూలుగుడ్డతో ఒత్తి తుడవండి. కడగడం అందరూ చేస్తారు, తుడవడమే ఎవరూ చెయ్యరు. నాటుకు దిగే ముందు సందుల్లో వాసెలిన్ రాస్తే నీరు ఇంకకుండా కొంత అడ్డుపడుతుంది. మధ్యాహ్నం గట్టు మీద కూర్చున్నప్పుడు కాళ్ళు కడిగి ఆరనివ్వండి.

తెగులు పట్టినచో ఒక శాతం క్లోట్రిమజోల్ పూతమందు రోజుకు రెండుసార్లు, నాలుగు వారాలు రాయవలెను. వారానికే దురద పోతుంది, మందూ పోతుంది. నెలకల్లా తెగులు మళ్ళీ వస్తుంది! పొద్దున రాసినది బురదలో కడుక్కుపోతుంది కనుక, ఆ రోజుల్లో వీలైతే నారు అందించే పనికి మారండి. బెంజోయిక్, సాలిసిలిక్ ఆమ్లాలు కలిసిన పాత విట్‌ఫీల్డ్ మలాం పొట్టు రాలే అరికాలికి మంచిదే, పచ్చి పుండుకు మాత్రం వద్దు, మండుతుంది. కిరసనాయిలు, పురుగుమందు అసలే వద్దు.

దుకాణంలో మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబు ఇస్తారు. అందులో స్టెరాయిడ్ ఉంటే దురద రెండు రోజుల్లో చల్లారుతుంది, బూజు మాత్రం పాకుతుంది. ఇటువంటి స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదని కేంద్ర ప్రభుత్వం 2018లో షెడ్యూలు హెచ్‌లో చేర్చింది.

ఆషాఢంలో పాదాలకు గోరింటాకు పెట్టడం సరిగ్గా నాట్ల వేళకే వస్తుంది. ఆ ఆకుకు బూజును అణచే గుణం ప్రయోగశాలల్లో కనిపించింది. పెట్టుకోండి, కాని పట్టిన తెగులును మాన్పడానికి దానినే నమ్ముకోకండి.

భూపాలపల్లి బొగ్గుగనుల్లో పనిచేసేవారికి బురద కన్న బూటుతో చిక్కు. షిఫ్టంతా చెమటలో నానిన కాలికీ నాటుకాలికీ తేడా లేదు. రెండు జతల నూలు మేజోళ్ళు ఉంచుకోండి, తడిసినవి వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయండి, బూట్లు బోర్లించి గాలికి పెట్టండి. ఇంటిల్లిపాదికీ ఒకే తువ్వాలు వాడకండి.