కొండదారి ఎంచుకునే ముందు

(రాజమండ్రిలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచీ ఆస్తిహక్కు గురించీ, గృహహింస గురించీ మాట్లాడుకుంటున్నాం. నేను మాట్లాడబోయేది నడక గురించి. తెల్లవారుజామునే మారేడుమిల్లి వైపు బయలుదేరి, ఆ పగలంతా కొండల్లో నడిచి రాత్రికి ఇల్లు చేరడం గురించి. ఇదీ ఒక హక్కేనా అని మీలో కొందరికి అనిపించవచ్చు.

2014లో నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ పదమూడేళ్ళకే ఎవరెస్టు ఎక్కితే అందరం చప్పట్లు కొట్టాం. అదే మన వీధిలో నలభై ఏళ్ళ ఆడమనిషి ఒక్కరోజు కొండలకు వెళ్ళొస్తానంటే "అక్కడేం పని?" అంటారు. గుడికైతే పంపుతారు, పెళ్ళికైతే పంపుతారు. పని లేకుండా, మొక్కు లేకుండా, తన సంతోషం కోసం నడుస్తానంటేనే అనుమతి కావాలి.

మొదటిసారి మేం అనుకున్నప్పుడు పన్నెండు మంది పేర్లిచ్చారు. బయలుదేరే రోజుకి ఏడుగురం మిగిలాం. ఆగిపోయిన వాళ్ళెవరికీ కాళ్ళనొప్పులు లేవు. ఒకరికి అత్తగారు ఒప్పుకోలేదు. ఒకరికి పిల్లల పరీక్షలు. ఇంకొకరి భర్త "అందరం కలిసి కారులో వెళ్దాంలే" అన్నాడు. ఆ కారు ఇంతవరకూ బయలుదేరలేదు.

సరే, వెళ్ళేవాళ్ళు దారి ఎలా ఎంచుకోవాలి? ఫోటోల్లో ఏది అందంగా ఉందో చూసి కాదు. ముందు గంటలు లెక్కపెట్టుకోవాలి. మారేడుమిల్లి ఇక్కడికి ఎనభై కిలోమీటర్ల పైమాటే. బస్సులో రానూ పోనూ ఐదారు గంటలు పోతాయి. శీతాకాలంలో కొండల్లో ఐదున్నరకే చీకట్లు ముసురుకుంటాయి. కాబట్టి మధ్యాహ్నం మూడింటికల్లా మళ్ళీ రోడ్డెక్కించే దారే మన దారి. ఉన్న సమయంలో సగం కాగానే వెనక్కి తిరగాలి, జలపాతం చప్పుడు వినిపిస్తున్నా సరే.

ఈ లెక్కన కొత్తవాళ్ళకు రంపచోడవరం దగ్గరి రంప జలపాతం చాలు. కొంచెం అలవాటైన వాళ్ళు మారేడుమిల్లి దాటాక, రోడ్డు దిగి అడవిలోకి నడిచి అమృతధార చూసి రావచ్చు. గుడిస పచ్చికకొండకు ఇప్పుడు అందరూ ఎగబడుతున్నారు గాని, అది జీపులో ఎక్కే దూరం, ఒక్కరోజు నడకకు పనికిరాదు.

రెండోది, గుంపులో అందరికంటే మెల్లగా నడిచే మనిషిని ముందు నడవనివ్వాలి. మనలో గర్భసంచి ఆపరేషన్లు అయినవాళ్ళున్నారు, మోకాళ్ళు అరిగినవాళ్ళున్నారు. వాళ్ళను వెనక వదిలేసి పోతే అది మన సంఘం నడక కాదు. మరుగుదొడ్డి ఉండదని నీళ్ళు తాగడం మానేసే అలవాటు కూడా మనకుంది. అది ప్రమాదం. ఎక్కడెక్కడ ఆగాలో ముందే అనుకుని, నీళ్ళు మాత్రం తాగుతూనే ఉండాలి.

మూడోది వాగు. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి వాగు ఒక్కసారిగా పొంగి ముగ్గురు వైద్య విద్యార్థుల్ని పొట్టన పెట్టుకుంది. పైన కొండమీద కురిసిన వాన కింద నీళ్ళలో ఉన్నవాళ్ళకు కనిపించదు. వానాకాలంలో వాగులో దిగవద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం.

ఇక అసలు విషయం. ఆ రోజు అడవి దారిలో మాకొక కొండరెడ్డి ఆమె ఎదురైంది. నెత్తిన కొండచీపుళ్ళ మోపు ఉంది, సంతకు పోతోంది. "ఏం పని మీద వచ్చారమ్మా?" అంది. "ఊరికే, నడుద్దామని" అన్నాం. ఆమె నవ్వి, "ఊరికే ఎవరైనా నడుస్తారా?" అంది. ఇంట్లో మమ్మల్ని అడిగిన ప్రశ్నే అది. కాని ఇక్కడ మా దగ్గర జవాబు లేకపోయింది. మాకు స్వేచ్ఛనిచ్చిన ఆ దారి ఆమెకు చాకిరీ. అడ్డాకులకూ, చింతపండుకూ, కట్టెలకూ, నీళ్ళకూ రోజూ తొక్కిన ఆడవాళ్ళ పాదాలే ఆ దారిని వేశాయి.

రాజ్యాంగం 19వ అధికరణ మనకు దేశమంతటా తిరిగే స్వేచ్ఛ ఇచ్చింది. షెడ్యూల్డు తెగల ప్రయోజనాల కోసం ఆ స్వేచ్ఛకు హద్దు పెట్టవచ్చనీ అదే అధికరణ చెప్పింది. ఈ రెండో మాటను మనం మరిచిపోతుంటాం. 1882 మద్రాసు అటవీ చట్టం కొండవాళ్ళను వాళ్ళ అడవిలోనే దొంగల్ని చేసింది. 2006 అటవీ హక్కుల చట్టం అడవి ఫలసాయం మీద వాళ్ళ హక్కునూ, భార్యాభర్తలిద్దరి పేరా ఉమ్మడి పట్టానూ ఒప్పుకుంది. అటువంటి నేల మీద మనం అతిథులం. ఊళ్ళో అడిగి వెళ్దాం. దారి చూపడానికి ఆ ఊరి ఆడమనిషినే పిలిచి, బేరమాడకుండా కూలి ఇద్దాం. అడగకుండా ఫోటోలు తీయవద్దు. తీసుకెళ్ళిన ప్లాస్టిక్ తిరిగి తెచ్చుకుందాం. మన సరదాకు వాళ్ళ వాగు మురికి కాకూడదు.

ఆ ఐదుగురినీ ఈసారి మళ్ళీ పిలుస్తున్నాం. వాళ్ళ పిల్లల్ని ఆ ఒక్కరోజు చూసుకోవడానికి ఇద్దరు స్నేహితులు ఒప్పుకున్నారు కూడా. ఇంట్లో "అక్కడేం పని?" అంటే "నాకు నడవాలనుంది" అని చెప్పండి. కొండ మీద ఆమె అడిగిన ప్రశ్నకు మాత్రం ఒక్క మాటతో జవాబు చెప్పలేం. అక్కడి గ్రామసభలో ఆ ఆడవాళ్ళు తమ పట్టా కోసం నిలబడిన రోజున, వాళ్ళు పిలిస్తే, మనం వాళ్ళ పక్కన నిలబడాలి. అప్పుడే ఆ దారిలో మళ్ళీ నడవడానికి మనకు ముఖం ఉంటుంది.