ఒంటరిగా వచ్చిన పిల్లల ఖర్చు ఎవరిది?

అమెరికాలో ఉన్న మన ఫ్రెండ్స్ చాలామంది అనే మాట: "మా జీతంలో కట్ అయ్యే ట్యాక్స్‌తో బోర్డర్ దాటి ఒంటరిగా వచ్చిన పిల్లల్ని పోషిస్తున్నారు." సగం నిజమే.

హోండురస్ నుంచో గ్వాటెమాలా నుంచో తల్లిదండ్రులు లేకుండా వచ్చి దొరికిన పిల్లల్ని, 2008 చట్టం ప్రకారం, మామూలుగా 72 గంటల్లోపు ఫెడరల్ ఆరోగ్య శాఖకి అప్పగించాలి. షెల్టర్లు నడిపేది ఎక్కువగా స్వచ్ఛంద సంస్థలు, డబ్బు మాత్రం ఫెడరల్ గవర్నమెంట్‌ది. అందులో హెచ్‌వన్‌బీ వాళ్ల ట్యాక్స్ కూడా ఉంటుంది, కాదనను.

కానీ షెల్టర్ కొన్నాళ్లే. అమ్మో, పిన్నో స్పాన్సర్‌గా వస్తే పంపించేస్తారు. ఇక తిండి, బట్టలు వాళ్లే చూసుకోవాలి. బడి మాత్రం ఫ్రీ. కాగితాలు లేని పిల్లలకైనా చదువు కాదనకూడదని 1982లో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ టెక్సస్ కేసులోనే. ఆ ఖర్చులో పెద్ద వాటా లోకల్ ప్రాపర్టీ ట్యాక్స్‌ది (ఫ్రిస్కోలో ఇల్లు కొన్నవాళ్లకి ఆ బిల్లు సంగతి నేను చెప్పాలా!).

నాకు మింగుడుపడనిది లాయర్ విషయం. క్రిమినల్ కేసులో డబ్బు లేనివాడికి గవర్నమెంటే లాయర్‌ని పెడుతుంది. ఇమ్మిగ్రేషన్ కోర్టులో ఆ హక్కు లేదు, ఐదేళ్ల పిల్లకైనా సరే. ఎదురుగా నిలబడే గవర్నమెంట్ లాయర్ జీతం మాత్రం అదే ట్యాక్స్‌లోంచి. ఫెడరల్ డబ్బుతో కొందరు పిల్లలకి లాయర్లు దొరికేవాళ్లు. 2025 మార్చిలో సుమారు 26,000 మంది పిల్లలకి సంబంధించిన ఆ కాంట్రాక్టు రద్దు చేశారు. ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో ఒక ఫెడరల్ జడ్జి తాత్కాలికంగా పునరుద్ధరించమన్నారు.

ప్రైవేటు లాయరంటే వేల డాలర్లండి. హోటల్లో గిన్నెలు కడిగే అమ్మ ఎక్కణ్ణుంచి తెస్తుంది?