మతం కూడా పరిశోధనే

1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తరగతులు మొదలైనప్పుడు ఉన్నవి రెండే విభాగాలు: ఆర్ట్స్, మతధర్మశాస్త్రం. బోధన ఉర్దూలో. అక్కడే చదివి, అక్కడే పాఠాలు చెప్పిన మహమ్మద్ హమీదుల్లా బెర్లిన్, డమాస్కస్‌లలోని రెండు రాతప్రతులను మాట మాటా సరిచూసి, తొలినాటి హదీసు (ప్రవక్త మాటల, చేతల) సంకలనమొకటి అచ్చువేశారు. ఎంత ఓపిక!

మన ఆర్మూరు సిద్ధులగుట్ట కథను పరిశోధించడానికీ అంతటి ఓపిక కావాలి. బండల సందుల్లోంచి వంగి వెళితే గుహలో సిద్ధేశ్వరుడు. నవనాథులనే తొమ్మిదిమంది సిద్ధయోగులు ఇక్కడే తపస్సు చేశారని పెద్దలంటారు. ఆ యోగుల నాథ సంప్రదాయం ఇక్కడికి ఏ దారిన వచ్చిందో వెతకాలంటే శాసనాలతోపాటు ఇంటింటి కథలూ కావాలి. పసుపు పనులు ముగిశాక, డిగ్రీ చదివే పిల్లలారా, అవ్వాతాతలు చెప్పే గుట్ట కథలు ఫోనులో రికార్డు చేయండి. చెప్పినవారి పేరు, ఊరు, తేదీ తప్పక రాసిపెట్టండి.