నవ్వుకుంటూ 21 కిలోమీటర్లు
(రోగుల బంధువుల కూటమిలో ఒక సిస్టరు చేసిన ప్రసంగం)

వార్డుల్లో మీ వాళ్లకు తోడుగా ఉంటూ, రాత్రిళ్లు వరండాలో చాపల మీద పడుకొని, తెల్లవారగానే ఫ్లాస్కులు పట్టుకొని టీ కోసం తిరుగుతున్న మీ అందరికీ వందనాలు. సిస్టరు పిలిచిందంటే షుగరు గురించో, బీపీ గురించో చెబుతుందని అనుకొని వచ్చి ఉంటారు. అవీ చెబుతాను. అయితే ఈ రోజు పరుగు పందెం మీదుగా వెళ్లి అక్కడికి చేరుకుందాం.

మారథాన్ అనే మాట పేపర్లో చూసే ఉంటారు. దాని దూరం 42 కిలోమీటర్ల 195 మీటర్లు. 1908లో లండన్ ఒలింపిక్స్‌లో ఆ దూరం పరుగెత్తారు, తరువాత అదే ఖాయమైంది. అందులో సగం హాఫ్ మారథాన్, అంటే 21 కిలోమీటర్ల పైన కొంచెం. ఇప్పుడు హైదరాబాదులో ఆగస్టు నెలలో జరుగుతుంది. విశాఖపట్నంలో నౌకాదళం వారి మారథాన్ సముద్రం పక్కన బీచ్ రోడ్డు మీద జరుగుతుంది. ముందు వచ్చేవాళ్లు గంటంబావుకు అటూ ఇటూగా ముగిస్తారు. చివరివాళ్లు మూడు గంటలు దాటాక, కబుర్లు చెప్పుకుంటూ, ఫోటోలు తీసుకుంటూ వస్తారు. నాకు ఆ చివరివాళ్లే ఇష్టం. మీకు చెప్పదలచుకున్నదీ వాళ్ల పద్ధతి గురించే.

21 కిలోమీటర్లంటే ఎంతో మన వైపు లెక్కలో చెబుతాను. జమ్మలమడుగు నుంచి గండికోటకు సుమారు 15 కిలోమీటర్లు. కోటలోకి వెళ్లి మాధవరాయ ఆలయం, జుమ్మా మసీదు, ధాన్యపు కొట్టు చూసుకొని, పెన్న లోయ అంచు దాకా పోయి, మళ్లీ వచ్చిన దారిన నాలుగైదు కిలోమీటర్లు కిందికి దిగితే హాఫ్ మారథాన్ అయినట్టే. ఒక జనవరిలో మేము ఏడుగురం సిస్టర్లం, ఇద్దరు ఆయాలు, ఒక సిస్టరు భర్త కలిసి సరదాకి ఆ పని చేశాం. మెడల్ లేదు, గడియారం చూసేవాళ్లు లేరు. వెనకాల ఒక ఆటోలో మజ్జిగ క్యాను, అరటిపళ్లు, బెల్లం వేసిన వేరుశనగ ఉండలు పెట్టుకున్నాం. చీకటితో బయలుదేరాం. రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. ఎక్కుడు వచ్చినచోట నడకే. ఆయాల్లో ఒకామె చీర కుచ్చిళ్లు ఎగదోపుకొని మా అందరికంటే ముందు పోయింది. ముప్పై ఏళ్లు బిందెలు మోసిన కాళ్లు కదా! దారిలో గొర్రెల మంద అడ్డం వస్తే ఆగాం, ఆ కాపరి మమ్మల్ని చూసి, "ఏమమ్మా, బస్సు తప్పిపోయిందా?" అని అడిగాడు. ఆ మాటకు నవ్వి నవ్వి మరో అర కిలోమీటరు తెలియకుండానే గడిచింది. లోయ దగ్గరికి చేరేసరికి ఎండ ఎర్రరాళ్ల మీద పడుతోంది. కింద పెన్న నీళ్లు పచ్చగా ఉన్నాయి. పుట్టి పెరిగింది కలమల్లలోనే అయినా, తెల్లవారుజామున కాలినడకన వచ్చి చూసేదాకా ఆ లోయ అంత లోతని నాకు తోచలేదు.

ఇదంతా వయసులో ఉన్నవాళ్ల వేడుక అనుకోకండి. మన పులివెందుల డాక్టరు, జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో కొంతకాలం పనిచేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు 2003లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా సుమారు 1,470 కిలోమీటర్లు నడిచారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు. రెండు నెలల పైచిలుకు నడక, అంటే సగటున రోజుకొక హాఫ్ మారథాన్. రాజకీయం పక్కన పెట్టి నర్సుగా చూస్తే ఆ నడకలో నాకు రెండు సంగతులు కనబడతాయి. 50 దాటిన మనిషి శరీరం రోజూ అంత దూరం మోయగలదు. రెండోది, అది ఎండాకాలం. రాజమండ్రి దగ్గరికి వచ్చేసరికి ఆయన వడదెబ్బతో పడిపోయి కొన్నాళ్లు ఆగవలసి వచ్చింది. డాక్టరైనా ఎండ విడిచిపెట్టలేదు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. ఈ వార్డులో నేను రోజూ చూసేది ఇది. గుండెపోటు వచ్చి తేరుకున్న పెద్దాయనను డాక్టరుగారు నాలుగడుగులు నడిపించమంటారు. ఆయన లేవబోతే కొడుకు భుజం పట్టుకొని, "లెయ్యాకు నాయనా, నువ్వు కదలాకు" అంటాడు. బువ్వ నోట్లో పెడతారు, కుండ మంచం దగ్గరికే తెస్తారు. ప్రేమతోనే చేస్తారు. కానీ ఆ ప్రేమ వల్ల కాళ్లలో కండ కరుగుతుంది, పిక్కల్లో రక్తం గడ్డ కడుతుంది, ఆ గడ్డ ఊపిరితిత్తులకు పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఒకప్పుడు డాక్టర్లు కూడా గుండె రోగిని వారాల తరబడి మంచం మీద నుంచి కదలనిచ్చేవారు కాదు. 1952లో బోస్టన్‌లో లెవిన్, లౌన్ అనే ఇద్దరు డాక్టర్లు రోగులను మంచం దించి కుర్చీలో కూర్చోబెట్టడం మేలని రాశారు. చాలామంది డాక్టర్లకు అది మింగుడుపడలేదు. ఆ తరువాత టొరంటోలో కవానా అనే డాక్టరు గుండెపోటు వచ్చిన రోగులకు నెలల తరబడి నడక, పరుగు నేర్పించారు. 1973లో వారిలో కొందరు బోస్టన్ మారథాన్ పూర్తి చేశారు. సగం కాదు, మొత్తం 42 కిలోమీటర్లు!

మీ నాయనను పరుగెత్తించమని నేను చెప్పడం లేదు. ఎన్ని అడుగులు వేయాలో డాక్టరుగారే చెబుతారు. అన్ని అడుగులూ వేయనివ్వమని మాత్రం మిమ్మల్ని బతిమాలుతున్నాను. ఇక రోగి పక్కన కూర్చున్న మీ సంగతి. పది రోజులుగా స్టూలు మీదే ఉన్నారు. తండ్రికి షుగరు ఉంటే కొడుక్కు వచ్చే అవకాశం ఎక్కువని మీకు తెలుసు. మీ రక్తం ఎప్పుడైనా చూపించుకున్నారా?

పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు. నడిచేటప్పుడు కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి, ఆ మేలు మరుసటి రోజు దాకా ఉంటుంది. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగం సరిపోతుంది. మాట రాకుండా రొప్పు వస్తే తగ్గించండి. 21 కిలోమీటర్లు పోవాలని సరదా పడితే మూడు నాలుగు నెలలు పెట్టుకోండి. వారంలో ఒక రోజు మాత్రం దూరం నడవండి, వారం వారం ఒక కిలోమీటరు కలుపుకుంటూ పోండి. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందుగా డాక్టరుగారికి చూపించుకోవాలి.

షుగరుకు ఇన్సులినో మాత్రలో వాడేవాళ్లు జేబులో గ్లూకోజు పెట్టుకోండి. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే ఆగి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగండి. ఉత్త కాళ్లతో వద్దు. షుగరు ఉన్నవాళ్లకు ముల్లు గుచ్చుకున్నా తెలియదు. ఇంటికి వచ్చాక అరికాళ్లు అద్దంలో చూసుకోవాలి.

నీళ్ల గురించి ఒక మాట. తాగకపోతే ప్రమాదమని అందరికీ తెలుసు, అతిగా తాగినా ప్రమాదమే. 2002లో బోస్టన్ మారథాన్ పరుగెత్తినవాళ్ల రక్తం పరీక్షిస్తే వందకు 13 మందిలో ఉప్పు ఉండవలసిన దానికంటే తగ్గింది, ఎక్కువగా నీళ్లు తాగి తాగి. దప్పిక అయినప్పుడు తాగండి. గంటకు మించి నడిచేటప్పుడు కొంచెం ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మంచిది. బీపీ, గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు ఉప్పు సంగతి అడిగి తెలుసుకోండి. మార్చి నుంచి జూన్ దాకా మన జిల్లాలో ఏడు గంటలు కొట్టేలోపే నడక ముగించాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ విసురుతూ 108కి ఫోన్ చేయండి. ఛాతీలో బిగువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి వచ్చినా అంతే, ఇంకో అడుగు వేయకుండా ఆసుపత్రికి.

మన కాంపౌండు గోడ లోపల చుట్టూ మూడు రౌండ్లు తిరిగితే దాదాపు ఒక కిలోమీటరు. రేపు ఉదయం ఐదున్నరకు నైట్ డ్యూటీ దిగే సిస్టర్లు ఇద్దరు వేపచెట్టు దగ్గర ఉంటారు. మీ రోగి మంచం నంబరు వార్డు సిస్టరుకు చెప్పి, అరగంట చూసుకోమని పక్క మంచం వాళ్లను అడిగి రండి. బూట్లు లేకపోతే వెనక పట్టీ ఉన్న చెప్పులు చాలు. హవాయి చెప్పులతో మాత్రం రావద్దు, ఆ నాపరాళ్ల మీద జారతాయి.