గండి పడటం, గండి కొట్టడం
(ప్రసంగ పాఠం)



నేను ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పినవాణ్ణి. 'బ్రేక్ త్రూ' అనే క్రియ వచ్చినప్పుడల్లా బోర్డు మీద చెరువుకట్ట బొమ్మ గీసేవాణ్ణి. నీళ్లు కట్ట తెంచుకొని పారితే అది వాచ్యార్థం. మనం గండి పడిందంటాం. ఎవరైనా అడ్డంకులు దాటి పైకి వచ్చినా ఇంగ్లీషువారు ఆ మాటే వాడి మెచ్చుకుంటారు. మనమో, 'ఖజానాకు గండి', 'ఆదాయానికి గండి' అని నష్టానికే వాడతాం. "అయితే గండి పడేది మంచిదా, చెడ్డదా సార్?" అని ఒక పిల్లవాడు అడిగాడు.

జవాబు మన చుట్టూనే ఉంది. వేంపల్లె దగ్గర పాపఘ్ని కొండలను చీల్చుకొని వచ్చే చోటు పేరే గండి. వీరాంజనేయస్వామి కొలువైనది అక్కడే. జమ్మలమడుగు దగ్గర ఎర్రమల కొండల్లో పెన్న కోసిన గండి అంచున వెలసినది గండికోట. ఆ గండ్లే ఏళ్లకు దారి. కానీ 2021 నవంబరు 19న చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టకు గండి పడితే పులపత్తూరు, మందపల్లె వంటి ఊళ్లు అల్లాడిపోయాయి, ప్రాణాలు పోయాయి. మాట ఒకటే. ఒకచోట దారి, ఒకచోట దుఃఖం.

ఇంకొక భేదముంది. గండి 'పడటం' వేరు, 'కొట్టడం' వేరు. పడిందంటే వరద వల్ల కావచ్చు. కొట్టారంటే పార పట్టినవాడు ఒకడున్నాడు.

మన మిత్రుడొకరు ఫోనులో ఎవరో అడిగితే ఓటీపీ చెప్పి, దాచుకున్న సొమ్ము పోగొట్టుకున్నారు. "నా తెలివితక్కువతనానికి గండి పడింది సార్" అని ఇంట్లో కూడా చెప్పకుండా నెల రోజులు కుమిలిపోయారు. నేనన్నాను: "పడలేదు, కొట్టారు. సిగ్గుపడవలసింది వాడు, మీరు కాదు."

చిన్న గండిని తట్టెడు మట్టితో పూడ్చవచ్చు. ఆలస్యమైతే ఊరంతా వచ్చినా ఆగదు. కాబట్టి అటువంటిది జరిగితే దాచుకోకండి. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి, బ్యాంకుకు తెలపండి. పిల్లలారా, మీ పెద్దలు చెబితే కసురుకోకుండా వినండి.

సెలవు.